మోనాలిసాలో నిజంగా తేలని విషయాలేమైనా ఉన్నాయా, లేక అంతా ఊదరేనా?

సందేహాలరావు
యూరప్ టూర్‌లో పారిస్ కూడా ఉంటే లూవ్ర్ మ్యూజియానికి వెళ్లాం. మోనాలిసా అంటే గోడంతా ఉంటుందనుకున్నా. తీరా చూస్తే 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు, అంతే. ముందు అద్దం, దాని ముందు అడ్డుకట్ట, దాని ముందు లేచిన వందల సెల్‌ఫోన్లు. కాస్త నిలబడి చూద్దామనుకునేలోపే కదలండి కదలండి అంటూ పక్కకు పంపేశారు. మా గైడ్ మాత్రం బస్సెక్కిన దగ్గర్నుంచి ఒకటే ఊదర. కళ్లలో రహస్య అక్షరాలున్నాయట, మనం ఎటు వెళ్తే అటే చూస్తుందట, అసలు ఆవిడ ఆడమనిషే కాదట. ఇంటికొచ్చాక మా వాడు ఇంకో నాలుగు వీడియోలు చూపించాడు, ఒకదాంట్లో గ్రహాంతరవాసి కూడా దొరికాడు. తెలిసినవాళ్లు చెప్పండి, ఇందులో ఇప్పటికీ నిజంగా తేలనివి ఏవి, వ్యూస్ కోసం అల్లినవి ఏవి?

హన్మకొండ_హరి
కనుబొమ్మలు లేవు గదా. పార్లర్ ఆమె ఎక్కువ పీకేసింది. మిస్టరీ సాల్వ్డ్, టాపిక్ క్లోజ్.

కుంచె_కబుర్లు
హరి గారు నవ్వులాటకు అన్నా ఆ కనుబొమ్మల సంగతి నిజంగానే తమాషాగా ఉంటుంది. వసారి అనే ఆయన 1550లో చిత్రకారుల జీవిత చరిత్రలు అచ్చు వేయించాడు. ఇది ఫ్లోరెన్స్ వ్యాపారి ఫ్రాన్సెస్కో దెల్ జొకోండో భార్య లిసా బొమ్మ అని చెప్పింది ఆయనే. అదే పుస్తకంలో ఆవిడ కనుబొమ్మల్ని తెగ వర్ణించాడు, వెంట్రుకలు ఎక్కడ ఒత్తుగా ఉన్నాయో ఎక్కడ పలచబడ్డాయో సహా. ఇప్పుడు చూస్తే అక్కడ బోసి. అసలు విషయమేమిటంటే వసారి ఈ బొమ్మను కళ్లారా చూడనే లేదు. ఆయన పుట్టింది 1511లో, ఆయనకు ఊహ తెలిసేనాటికి బొమ్మ దాన్ని వేసిన లియొనార్డో డావిన్సీ వెంట ఫ్రాన్స్‌కు వెళ్లిపోయింది. చూసినవాళ్లు చెప్తే రాసుకున్నాడన్నమాట.

పాస్కల్ కోత్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు తన ప్రత్యేకమైన కెమెరాతో తీసిన ఫోటోలు పరిశీలించి, 2007లో ఒక్క కనుబొమ్మ వెంట్రుక జాడ దొరికిందని చెప్పాడు. మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియంలో ఇదే బొమ్మకు ఒక నకలు ఉంది, అందులో కనుబొమ్మలు చక్కగా ఉన్నాయి. నన్నడిగితే అవి మొదట్లో ఉండేవే. పాతరోజుల్లో ఎవరో తుడిచినప్పుడు పోయుంటాయి, లేదా రంగు వెలిసిపోయుంటుంది.

లూప్‌లో_లక్ష్మి
ఎటు వెళ్తే అటు చూస్తుందన్నది గైడ్లందరూ చెప్పే మాటే. జర్మనీలో బీలెఫెల్ట్ యూనివర్సిటీ వాళ్లు 2019లో దీన్ని కొలిచి చూశారు. 24 మందిని కూర్చోబెట్టి, కంప్యూటర్ తెర మీద ఆ ముఖాన్ని చూపించి, చూపు ఎక్కడ తగులుతోందో స్కేలు మీద చెప్పమన్నారు. రెండు వేలకు పైగా కొలతలు వచ్చాయి. సగటున 15.4 డిగ్రీలు పక్కకు, చూసేవాళ్ల కుడిచెవి దాటి ఎటో చూస్తోందని తేలింది. అంటే రావు గారూ, ఆవిడ మిమ్మల్ని చూడనే లేదు, మీ వెనక లైన్లో ఉన్నాయన్ని చూసింది.

సందేహాలరావు
అంత డబ్బు పోసి వెళ్తే ఆవిడ కూడా పట్టించుకోలేదన్నమాట. బాగుంది.

డాక్టరమ్మ_గుంటూరు
మా వాళ్లు కూడా ఈ ఆటలో తక్కువేం తినలేదు. ఎడమ కంటి దగ్గర చిన్న ఉబ్బు కనబడుతోంది కాబట్టి కొలెస్ట్రాల్ అని 2010లో ఒక ఇటలీ డాక్టరు అన్నాడు. చర్మం పసుపు, జుట్టు పలచన, మెడ దగ్గర వాపు కాబట్టి థైరాయిడ్ తక్కువని 2018లో ఇంకొకరు జర్నల్‌లోనే రాశారు. ఆ పసుపు చర్మానిది కాదండీ, ఐదొందల ఏళ్లుగా పేరుకున్న వార్నిష్‌ది. కుంచె అక్కయ్య చెప్పిన ప్రాడో నకలులో ఆవిడ చక్కగా గులాబీ బుగ్గలతో ఉంది. లిసా 1479లో పుట్టి 1542లో పోయింది, 63 ఏళ్లు. ఆ కాలానికి, అన్ని కాన్పులయ్యాక, అది మంచి ఆయుర్దాయమే. బొమ్మను చూసి రిపోర్టు రాసే డాక్టర్ దగ్గరికి నేనైతే వెళ్లను.

ఒకటి మాత్రం కాస్త నమ్మబుద్ధవుతుంది. కెనడా వాళ్లు, లూవ్ర్ వాళ్లు కలిసి చేసిన స్కానింగ్ ఫలితాలు 2006లో వచ్చాయి. ఆవిడ బట్టల పైన పలచటి పారదర్శకమైన ముసుగు బట్ట ఒకటి కనిపించింది. గర్భిణులు, బాలింతలు అలాంటిది వేసుకునేవారట. లిసాకు 1502 డిసెంబర్లో కొడుకు పుట్టాడు. బొమ్మ మొదలైంది ఆ మరుసటి ఏడు. లెక్క కుదిరింది.

టెక్సాస్_తాతయ్య
ఎవరూ అసలు విషయం మాట్లాడటం లేదు. అది లియొనార్డో తన ముఖమే. 1987లో లిలియన్ ష్వార్ట్జ్ అనే ఆవిడ కంప్యూటర్లో ఆయన ముసలితనపు బొమ్మనూ మోనాలిసానూ పక్కపక్కన పెట్టి చూపించింది. కళ్లు, ముక్కు, గడ్డం గీత గీసినట్టు కలిశాయి. అప్పట్లో నేను కొత్తగా అమెరికా వచ్చాను, పత్రికల్లో ఎక్కడ చూసినా అదే. ఇప్పటికీ నాకు అదే నిజమనిపిస్తుంది.

కుంచె_కబుర్లు
తాతగారూ, ఆ కలిపిన రెండో బొమ్మ టురిన్‌లో ఉన్న ఎర్ర సుద్ద బొమ్మ. అది లియొనార్డో ముఖమేనా అన్నది కూడా వాదనే. పైగా ఒకే చేయి గీసిన ముఖాల్లో కొలతలు కలవడం సహజం. మా కాలేజీలో ఒక సార్ ఏ దేవుణ్ణి వేసినా ఆయన ముక్కే వచ్చేది.

టెక్సాస్_తాతయ్య
సార్ ముక్కుతో నన్ను ఒప్పించలేవమ్మా.

పారిస్_పిన్ని
ఇక్కడే ఉంటాను కాబట్టి చెప్తున్నా. చుట్టాలెవరొచ్చినా మొదటి డిమాండ్ మోనాలిసానే. 2024లో లూవ్ర్‌కి 87 లక్షల మంది వచ్చారు, అందులో చాలామంది ఆ ఒక్క గది కోసం వచ్చినవాళ్లే. బొమ్మను వేరే గదికి మార్చి విడిగా టికెట్ పెడతామని 2025 జనవరిలో దేశాధ్యక్షుడే ప్రకటించాడు, అంటే రద్దీ ఎంతుందో అర్థం చేసుకోండి. నాకు బాధనిపించేది ఇంకోటి. ఆవిడకు సరిగ్గా ఎదురు గోడ మీద వెరొనీస్ వేసిన కానా పెళ్లివిందు ఉంది, దాదాపు పది మీటర్ల వెడల్పు, ఏడు మీటర్ల ఎత్తు, లూవ్ర్‌లో అంతకంటే పెద్ద పెయింటింగ్ లేదు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడరు. రావు గారూ, మీరు చూశారా?

సందేహాలరావు
అక్కడ ఇంకో బొమ్మ ఉందా?

హన్మకొండ_హరి
😂😂 పిన్నీ, ఇంక అడగకు.

రిటైర్డ్_ఎస్సై
నాకు బొమ్మల సంగతి తెలీదు గానీ దొంగతనం కేసు మాత్రం క్షుణ్ణంగా చదివాను. 1911 ఆగస్టు 21, సోమవారం. అప్పట్లో మ్యూజియానికి సెలవు సోమవారమే. విన్సెంజో పెరూజియా అనే ఇటలీ పనివాడు, అంతకుముందు ఆ బొమ్మలకు అద్దాలు బిగించే పని చేసినవాడే, అక్కడి సిబ్బంది వేసుకునే తెల్ల అంగీ తొడుక్కుని గోడ మీంచి బొమ్మ దించాడు. మెట్ల దగ్గర ఫ్రేమూ అద్దమూ విప్పి అక్కడే వదిలేశాడు. కింద తలుపు తాళం వేసి ఉంది. గుబ్బ ఊడదీశాడు, అయినా రాలేదు. అంతలో మ్యూజియం ప్లంబర్ అటు వచ్చాడు. తోటి పనివాడే ఇరుక్కుపోయాడనుకుని తన దగ్గరున్న తాళంచెవితో తీసి పంపించాడు! సర్వీసులో ఇలాంటి సాక్షులు నాకూ తగిలారు, పాపం మంచితనమే వాళ్ల కొంప ముంచుతుంది.

పోయిందని తెలిసింది మర్నాడు. అదీ కాపలావాళ్లు కనిపెట్టలేదు, అక్కడ కూర్చుని గీసుకుందామని వచ్చిన చిత్రకారుడు అడిగితే. ఫోటోలు తీయడానికి పట్టుకెళ్లుంటారులే అనుకున్నారట అప్పటిదాకా. అద్దం మీద బొటనవేలి ముద్ర దొరికింది. పెరూజియా పాత వేలిముద్రల కార్డు పోలీసుల దగ్గరే ఉంది, కానీ పారిస్ వాళ్ల పద్ధతిలో కార్డులు పేర్చింది ఒంటి కొలతల ప్రకారం, ఒక వేలిముద్ర పట్టుకుని వెనక్కి వెతకడం కుదరదు. మన కలకత్తాలో 1897లోనే వేలిముద్రల బ్యూరో వచ్చింది. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్లు ముద్రల్ని వర్గాలుగా విడగొట్టే పద్ధతి తయారుచేయడంలో పెద్ద చేయి వేశారు. ఆ పద్ధతి అప్పుడు పారిస్‌లో ఉండుంటే కథ వేరేగా ఉండేది. పెరూజియా గదికి వెళ్లి ప్రశ్నించి కూడా ఏమీ దొరక్క తిరిగొచ్చారు. బొమ్మ ఆ గదిలోనే ఉంది!

కేసులో ఇరుక్కున్నది ఎవరనుకున్నారు, కవి అపోలినేర్ కొన్నాళ్లు జైల్లో కూర్చున్నాడు, పికాసోని పిలిచి అడిగారు.

లూప్‌లో_లక్ష్మి
పికాసోనా!! ఎస్సై గారూ ఆ తర్వాత?

రిటైర్డ్_ఎస్సై
రెండేళ్లు దాచి, 1913 చివర్లో ఫ్లోరెన్స్‌లో ఒక పాతవస్తువుల వ్యాపారికి ఉత్తరం రాశాడు, సంతకం ఏమని పెట్టాడంటే లియొనార్డో అని. ఆ వ్యాపారి ఉఫీజీ మ్యూజియం డైరెక్టర్‌ను వెంటబెట్టుకుని వెళ్లి సరుకు చూశాడు, తర్వాత పోలీసులు వచ్చారు. కోర్టులో పెరూజియా చెప్పింది, నెపోలియన్ మా దేశం నుంచి దోచుకెళ్లిన బొమ్మను తిరిగి తెచ్చాను, ఇది దేశభక్తి అని. నెపోలియన్‌కు దీంతో సంబంధమే లేదు, ఆయన పుట్టకముందు రెండొందల యాభై ఏళ్ల నాడే ఇది ఫ్రాన్స్ రాజు ఫ్రాన్సిస్ దగ్గరుంది. ఏడాది పదిహేను రోజుల శిక్ష వేసి, అప్పీల్లో ఏడు నెలలకు తగ్గించారు.

ఇంకో కథ కూడా ప్రచారంలో ఉంది, వాల్ఫియెర్నో అనే పెద్దమనిషి ఆరు నకళ్లు చేయించి అమ్ముకోవడానికే ఈ దొంగతనం చేయించాడని. 1932లో ఒక అమెరికన్ పత్రికలో వచ్చింది. ఆ ఆరు నకళ్లలో ఒక్కటి కూడా ఎక్కడా బయటపడలేదు. ముద్దాయి లేడు, మాల్ లేదు, సాక్షి లేడు. అది కేసు కాదు, కథ.

హన్మకొండ_హరి
అంటే ఎత్తుకపోయినంకనే ఫేమస్ అయిందన్నట్టు. ఖాళీ గోడను చూడనీకి కూడా క్యూ కట్టిండ్రట గదా.

పారిస్_పిన్ని
కట్టారు. అయితే దొంగతనంతోనే పేరొచ్చిందంటే నేనొప్పుకోను. అంతకు కొన్ని పదేళ్ల ముందునుంచే ఫ్రెంచ్, ఇంగ్లిష్ రచయితలు ఆ నవ్వు మీద పేజీలకు పేజీలు రాసేశారు. చదువుకున్నవాళ్లలో ఉన్న పేరు దొంగతనంతో పేపర్ చదివే ప్రతి ఇంటికీ పోయింది.

రిటైర్డ్_ఎస్సై
ఆ పేరు వల్లే దాడులు కూడా. 1956లో ఒకడు రాయి విసిరితే మోచేతి దగ్గర రంగు లేచింది. తర్వాత బుల్లెట్ ప్రూఫ్ అద్దం వచ్చింది కాబట్టి సరిపోయింది. 2009లో కప్పు విసిరారు, 2022లో కేకు పూశారు, 2024లో సూపు పోశారు.

హన్మకొండ_హరి
టిఫిన్ సెక్షన్ ఇంకా మిగిలింది.

సందేహాలరావు
సరే, ఆ నవ్వు సంగతి ఎవరైనా చెప్పండి. ఒకసారి నవ్వినట్టుంటుంది, ఒకసారి లేనట్టుంటుంది. ఇది మాత్రం నాకూ అనిపించింది, గైడ్ చెప్పకుండానే.

లూప్‌లో_లక్ష్మి
2005లో ఆమ్‌స్టర్‌డామ్‌లో భావాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌తో చూస్తే 83 శాతం సంతోషం, 9 శాతం ఏవగింపు, 6 శాతం భయం, 2 శాతం కోపం అని వచ్చింది. నేను పనిచేసేదే ఈ రంగంలో, ఆ అంకెలు చూసి మీరేం నిర్ణయానికి రాకండి. ముందే నేర్పిన ముఖాలతో పోల్చి చెప్తుంది, అంతే.

కుంచె_కబుర్లు
దానికంటే మార్గరెట్ లివింగ్‌స్టన్ చెప్పింది నాకు నచ్చుతుంది. ఈవిడ హార్వర్డ్‌లో చూపు మీద పనిచేసే శాస్త్రవేత్త, 2000లో రాసింది. మన కంటి మధ్యభాగం సన్నటి గీతల్ని పట్టుకుంటుంది, అంచులు మసక నీడల్ని పట్టుకుంటాయి. ఆ నవ్వు పెదాల గీతలో తక్కువ, చెంప ఎముకల కింద నీడల్లో ఎక్కువ. ఫోన్లో బొమ్మ పెద్దది చేసుకుని ఆవిడ కళ్లవైపే చూడండి, నోరు పక్కచూపులోకి వెళ్తుంది, నవ్వు కనబడుతుంది. ఇప్పుడు నేరుగా పెదాల మీదికి చూపు దించండి, నవ్వు జారిపోతుంది. లియొనార్డోకు ఈ శాస్త్రం తెలియనక్కర్లేదు, అలా కనబడేదాకా చెరుపుతూ దిద్దుతూ పోయుంటాడు.

ఎలా దిద్దాడు అన్నది ఇంకా పెద్ద విషయం. బొమ్మ ఉన్నది పాప్లర్ చెక్క మీద. 2010లో ఎక్స్‌రే పద్ధతితో కొలిస్తే, ముఖం మీద నీడల కోసం వేసిన పూతల్లో కొన్ని ఒకటి రెండు మైక్రోమీటర్లే ఉన్నాయి. అన్ని పూతలూ కలిపినా ముప్ఫై నలభై మైక్రోమీటర్లు దాటలేదు, మన వెంట్రుక మందం కూడా లేదు. కుంచె ఆనవాలు దొరకదు. నేను పదిహేనేళ్లుగా ఆయిల్ వేస్తున్నా, అంత పలచటి పూత గీత పడకుండా వేయాలంటే ఒక్కోటి ఆరేదాకా ఆగాలి, మళ్లీ వేయాలి, మళ్లీ ఆగాలి. 2023లో అడుగుపూత నుంచి కంటికి ఆనని చిన్న నలుసును పరీక్షిస్తే అరుదైన ఒక సీసపు లవణం దొరికింది. నూనె చిక్కబడి త్వరగా ఆరడానికి ఆయన అందులో సీసపు ఆక్సైడ్ కలిపాడని దాన్నిబట్టి అర్థమైంది. కళ్లలో అక్షరాలు వెతికేవాళ్లకు ఇది పట్టదు. నెర్రెలు విచ్చిన పాత రంగును లెన్స్ కింద పెడితే తెలుగు అక్షరాలు కూడా కనబడతాయి.

హన్మకొండ_హరి
"ఱ" కనపడ్డదా అక్కా?

డాక్టరమ్మ_గుంటూరు
వెనకున్న వంతెన ఏ ఊరిదో తేలిందా?

పారిస్_పిన్ని
ఊరికో పండితుడు ఉన్నాడు. 2011లో బొబ్బియో అన్నారు. బురియానో అని పాతకాలం నుంచి ఒక వాదన ఉంది. 2023లో లతెరీనా దగ్గర రొమీతో వంతెన అన్నారు, దాంట్లో ఇప్పుడు మిగిలింది ఒక్క కమానే. 2024లో ఒక భూగర్భ శాస్త్రవేత్త వచ్చి, వంతెనను కాదు రాళ్లను చూడండి, ఆ తెల్లటి సున్నపురాయి లెక్కో దగ్గరిదే అంది. ప్రతి ఊరి మేయరూ సంతోషంగా ఉన్నాడు. కుడివైపు నీళ్లు ఎడమవైపు కంటే ఎత్తులో ఉన్నాయి, గమనించారా? అలాంటి చోటు ఎక్కడా ఉండదు. ఆయన మనసులోంచి వేసిందే.

లూప్‌లో_లక్ష్మి
పిన్నిగారూ, రాళ్ల వాదన అంత తీసిపారేసేది కాదు. ఆయన నీళ్ల పారుదల మీద, కొండల మీద నోటుపుస్తకాలు నింపిన మనిషి. చూసిన కొండనే వేసి, చోటు మాత్రం మార్చి ఉండొచ్చుగా.

పారిస్_పిన్ని
ఉండొచ్చు. మేయర్లకు మాత్రం చెప్పకు.

కుంచె_కబుర్లు
రావు గారు మొదట అడిగినదానికి నా జవాబు ఇది. నవ్వు, చూపు, కనుబొమ్మలు, వీటన్నిటికీ సమాధానాలు చాలావరకు ఉన్నాయి. తేలనిది కాగితాల దగ్గర ఉంది. లిసా బొమ్మే అనడానికి గట్టి ఆధారం 2005లో హైడెల్‌బర్గ్ లైబ్రరీలో దొరికింది. అగస్టీనో వెస్పూచి అనే ఫ్లోరెన్స్ ఉద్యోగి తాను చదువుతున్న ప్రాచీన రోమ్ రచయిత సిసిరో పుస్తకం అంచున రాసుకున్నాడు, లియొనార్డో ఇప్పుడు లిసా దెల్ జొకోండో తల చిత్రిస్తున్నాడు అని. తేదీ 1503 అక్టోబర్. ఇంతవరకు బాగానే ఉంది.

1517 అక్టోబర్లో ఒక కార్డినల్, అంటే చర్చి పెద్ద, ఫ్రాన్స్‌లో అంబువాజ్ దగ్గర లియొనార్డోను చూడటానికి వెళ్లాడు. ఆయన కార్యదర్శి బెయాతిస్ డైరీలో మూడు బొమ్మలు చూశామని రాశాడు. అందులో ఒకటి ఫ్లోరెన్స్ స్త్రీది, ఫ్లోరెన్స్‌ను ఏలిన మెడిచి కుటుంబపు జులియానో దే మెడిచి కోరితే వేసిందట! జొకోండో ఊసే లేదు. మరి భర్త వేయమన్నాడా, మెడిచి వేయమన్నాడా? మెడిచికి ఈ సిల్కు వ్యాపారి భార్య బొమ్మెందుకు? లేక ఆ డైరీలోది ఇంకో స్త్రీ బొమ్మా? ఇక్కడ పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. మిగతా రెండు బొమ్మలు సెయింట్ జాన్, సెయింట్ ఆన్. మూడూ ఇప్పుడు లూవ్ర్‌లోనే ఉన్నాయి.

హన్మకొండ_హరి
మా టైలర్ గుర్తొచ్చిండు. పెండ్లికి కుట్టమని సూట్ బట్ట ఇస్తే, ఇయ్యాల రేపు అనుకుంట అన్న పిల్లలు బడికి పోయేదాక ఇయ్యలే. ఈయన పదమూడు పద్నాలుగేండ్లు వెంటేసుకొని దేశాలే తిరిగిండు.

రిటైర్డ్_ఎస్సై
జొకోండో డబ్బు కట్టినట్టు రసీదు ఉందా? అడ్వాన్స్ తీసుకుని సరుకివ్వకపోతే అది మోసం. తీసుకోకపోతే ఆయనిష్టం.

కుంచె_కబుర్లు
రసీదు ఏదీ బయటపడలేదండీ. నా ఊహ అడిగితే, 1503లోనే ఆయనకు ప్రభుత్వం నుంచి ఫ్లోరెన్స్ ప్రభుత్వ భవనం పాలాజ్జో వెక్కియోలో యుద్ధం బొమ్మ వేసే పెద్ద కాంట్రాక్టు వచ్చింది. వ్యాపారి పని పక్కకు పోయింది. తర్వాత దాని మీద ప్రయోగాలు మొదలుపెట్టాక ఇవ్వబుద్ధి కాలేదు.

ఇంకో చిక్కు ఉంది. ఆయన శిష్యుడు సలాయి చనిపోయాక 1525లో మిలాన్‌లో ఆస్తుల జాబితా రాశారు, అందులో జొకోండా (అంటే జొకోండో భార్య) అని ఒక బొమ్మ, పెద్ద ధరతో. అదే సలాయికి కొన్ని బొమ్మల కోసం ఫ్రాన్స్ ఖజానా నుంచి 1518 ప్రాంతంలో భారీ మొత్తం ముట్టినట్టు ఇంకో కాగితం ఉంది. అప్పటికే రాజుకు అమ్మేస్తే మిలాన్ జాబితాలో ఉన్నదేంటి? నకలా? నకలుకు అంత ధర కట్టారా?

సందేహాలరావు
ఇదీ నాక్కావలసింది. గైడ్ దీన్ని ఒక్క ముక్క చెప్పలేదు.

డాక్టరమ్మ_గుంటూరు
ప్రాడోలోదే ఆ నకలు కావచ్చుగా?

కుంచె_కబుర్లు
ఆ దారిలో ఆలోచించేవాళ్లు ఉన్నారు. ప్రాడో బొమ్మకు వెనక అంతా నల్లరంగు పూసి ఉండేది, 2012లో అది తీసేస్తే కింద అదే కొండలు, అదే దారులు. అసలు బొమ్మలో లియొనార్డో అడుగున చేసిన మార్పులే దాని అడుగునా ఉన్నాయని ఇన్‌ఫ్రారెడ్‌లో తేలింది. పూర్తయ్యాక చూసి దింపితే అవి రావు. గురువు పక్కనే కూర్చుని ఆయన మార్చినప్పుడల్లా మారుస్తూ శిష్యుడెవరో వేసుంటాడు. ఆ శిష్యుడు సలాయేనా అన్నది వేరే గొడవ.

పారిస్_పిన్ని
రావు గారూ, మళ్లీ వస్తే బుధవారం గానీ శుక్రవారం గానీ సాయంత్రం రండి, రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది, జనం పలచబడతారు. మంగళవారం సెలవు. ముందు గ్రాండ్ గ్యాలరీలో ఆ సెయింట్ ఆన్, సెయింట్ జాన్ దగ్గర ఆగండి. అదే మనిషి చేయి, అదే నీడలు, ముక్కు దగ్గరపెట్టి చూసినా ఎవరూ తోయరు.

టెక్సాస్_తాతయ్య
అన్నీ మాట్లాడారు గానీ ఐల్‌వర్త్ మోనాలిసా సంగతి ఎవరూ ఎత్తలేదు. 1913లో ఇంగ్లండ్‌లో బయటపడింది, అందులో లిసా ఇంకా చిన్నవయసులో ఉంది, రెండు పక్కలా స్తంభాలు పూర్తిగా కనబడతాయి. భర్తకు ఇచ్చింది అదీ, తన దగ్గర ఉంచుకున్నది ఇదీ అయితే మీ లెక్కలన్నీ కుదురుతాయిగా?

కుంచె_కబుర్లు
అది కాన్వాస్ మీద ఉంది తాతగారూ. ఆయన చెక్క మీద వేసే మనిషి.

టెక్సాస్_తాతయ్య
ఒక్కసారైనా మార్చి ఉండకూడదా?

రిటైర్డ్_ఎస్సై
దానికి వేరే థ్రెడ్ తెరవండి తాతగారూ, నేనూ వస్తా. అది ఎవరెవరి చేతులు మారిందో ముందు ఆ కాగితాలు పెట్టండి.